ఒకే సాఫ్ట్‌వేర్ వచ్చేదాకా ఆగాలా?

పది కంపెనీలున్న గ్రూపుల్లో ఒక నమ్మకం బాగా పాతుకుపోయింది: ముందు అందరూ ఒకే ఈఆర్‌పీకి (లెక్కలు, కొనుగోళ్లు, నిల్వలు అన్నీ ఒకేచోట నడిపే సాఫ్ట్‌వేర్‌కు) మారాలి, ఆటోమేషన్ సంగతి ఆ తర్వాతే. ఇలా ఆగినచోట ఏం జరుగుతోంది? ఒక తెరమీదున్న ఇన్‌వాయిస్‌ను చూసి ఇంకో తెరలో మళ్లీ టైపు చేస్తున్నారు. ఒక్క అంకె తప్పితే చాలు, సరుకిచ్చిన చిన్న వ్యాపారి బిల్లు నెలాఖరుదాకా కదలదు. నష్టం కళ్లెదుటే ఉన్నా ఆ నమ్మకాన్ని ఎవరూ నిలదీయడం లేదు.

ఒకే సాఫ్ట్‌వేర్‌కు మారడమే ఎంత కష్టమో చూడండి. జర్మనీ దుకాణాల సంస్థ లిడ్ల్ 2011లో శాప్ అనే ఈఆర్‌పీ సాఫ్ట్‌వేర్ ఆధారంగా కొత్త వ్యవస్థ కట్టడం మొదలుపెట్టి, 2018లో ఆపేసింది. అప్పటికైన ఖర్చు దాదాపు 50 కోట్ల యూరోలని పత్రికలు రాశాయి. బయటికొచ్చిన చిక్కుల్లో ఒకటి, లిడ్ల్ నిల్వ సరుకును కొన్న ధరతో లెక్కగడుతుంది, ఆ సాఫ్ట్‌వేరేమో అమ్మే ధరతో. ఒకే వ్యాపారం చేసే సంస్థకే ఇది కుదరలేదు. ఇక సిమెంటు, చక్కెర, ఆసుపత్రి ఒకే గొడుగు కింద ఉన్న గ్రూపు మాటేమిటి? చక్కెర మిల్లుకు చెరకు తూకం, అందులోంచి వచ్చే చక్కెర శాతం (రికవరీ) ప్రాణం. ఆసుపత్రికి బీమా క్లెయిము ముఖ్యం. పని వేరు కాబట్టే సాఫ్ట్‌వేర్ వేరైంది, అందులో ఎవరి మొండితనమూ లేదు.

కలవడానికి ఒకటైపోనక్కర్లేదనడానికి మన దేశంలోనే రుజువుంది. జీఎస్‌టీ ఈ-ఇన్‌వాయిస్ 2020 అక్టోబరులో 500 కోట్ల రూపాయల పైబడిన టర్నోవరు ఉన్న సంస్థలతో మొదలై, 2023 ఆగస్టుకు 5 కోట్లు దాటిన వాటిదాకా వచ్చింది. టాలీ అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లను శాప్ కొనమని ఎవరూ అడగలేదు. అడిగింది ఒక్కటే: బిల్లు వివరాలు అందరూ ఒకే నమూనాలో పంపాలి. ఇన్‌వాయిస్ నమోదు పోర్టల్ వాటిని సరిచూసి 64 అక్షరాల గుర్తింపు సంఖ్య, క్యూఆర్ కోడ్ తిరిగి ఇస్తుంది. అదే బిల్లు రెండోసారి వస్తే తిప్పికొడుతుంది. లోపల ఎవరి లెక్క వాళ్లదే, సరిహద్దు దగ్గర మాత్రం భాష ఒకటే. ఇన్ని వ్యవస్థల్ని కలిపితే చిక్కుముడి పడదా అని అడగొచ్చు. దేన్ని పడితే దానితో నేరుగా ముడేస్తే పడుతుంది, పది వ్యవస్థలకు 45 లంకెలు కావాలి. మధ్యలో ఒక ఉమ్మడి నమూనా ఉంటే పది చాలు.

ఇంకొన్ని అపోహలూ ఉన్నాయి. ఆటోమేషన్ ఐటీ విభాగం పని అనుకోవడం తప్పు. బిల్లు ఎందుకు ఆగుతోందో తెలిసింది అకౌంట్స్ వాళ్లకే. ఒకసారి అమర్చాక ఇక చూడక్కర్లేదన్నదీ తప్పే, పన్ను రేటు మారిన రోజే అది తేలిపోతుంది. బాట్లు పెడితే చాలన్న మాటలో మాత్రం కొంత నిజముందని ఒప్పుకోక తప్పదు. వేరే సాఫ్ట్‌వేర్‌తో నేరుగా వివరాలు ఇచ్చిపుచ్చుకునే దారి (ఏపీఐ) లేని పాత సాఫ్ట్‌వేర్ దగ్గర, మనిషిలా తెర చూసి టైపు చేసే బాట్ తప్ప వేరే దారి ఉండకపోవచ్చు. కానీ తెరమీద ఒక గడి జరిగినా అది ఆగిపోతుంది. అందుకే పెట్టిన రోజే, తీసేసే తేదీ కూడా రాసుకోవాలి.

అసలు కష్టం పేర్ల దగ్గరుంది. ఒకే సరఫరాదారు మూడు కంపెనీల్లో మూడు కోడ్లతో, మూడు స్పెల్లింగులతో ఉంటాడు. దాన్ని సరిచేయకుండా వేగం పెంచితే తప్పులే వేగంగా పోతాయి. 15 అక్షరాల జీఎస్‌టీ నంబరులో మొదటి రెండూ రాష్ట్రం కోడు, తర్వాతి పదీ పాన్. తెలంగాణలో 36తో, ఆంధ్రప్రదేశ్‌లో 37తో నమోదైన వ్యాపారి ఒక్కడేనని పాన్ చెబుతుంది. ముందు అన్ని కంపెనీల వెండర్ జాబితాలనూ పాన్ ఆధారంగా జతపరచండి. ఆపైన బిల్లు చెల్లింపు ఒక్కటే తీసుకుని మొదటినుంచి చివరిదాకా నడిపించండి. జత కుదరని బిల్లులు ఎవరి దగ్గరికి రావాలో పేరుతో సహా నిర్ణయించి, అవి ఎన్ని రోజుల్లో తేలాలో కూడా అప్పుడే రాసిపెట్టండి.