మూత్రావరోధం: ప్రశ్నలు, కొలతలు

ఖమ్మం మైదానం భద్రాచలం అడవులను తాకే చోట ఉన్న దమ్మపేట ప్రాంతంలో ఆయిల్ పామ్ తోటలు విస్తారంగా ఉన్నాయి. తోటలో డ్రిప్ గొట్టం చివర నీరు సన్నగా వస్తున్నదంటే రైతుకు రెండు అనుమానాలు కలుగుతాయి. గొట్టంలో ఏదో అడ్డుపడి ఉండాలి. లేదా మోటారు నీటిని బలంగా తోయలేకపోతూ ఉండాలి. ధారను చూచినంత మాత్రాన ఏది కారణమో తేలదు. గొట్టంలోని ఒత్తిడిని కూడా కొలవాలి. వయసు మళ్లిన పురుషులలో మూత్రధార సన్నగిల్లినప్పుడు వైద్యుని ముందు నిలిచే సమస్య కూడా ఇటువంటిదే.

పురుషులలో మూత్రాశయానికి దిగువన, మూత్రం బయటికి వచ్చే ప్రసేకాన్ని చుట్టుకొని పౌరుషగ్రంథి ఉన్నది. దీనినే ప్రోస్టేట్ అంటారు. వయసుతోపాటు ఇది పెరిగి ప్రసేకాన్ని నొక్కవచ్చు. మూత్రావరోధానికి ఇది ముఖ్యమైన కారణం.

రోగి బాధను అంకెలలో తెలుపడానికి అమెరికా మూత్రవ్యాధి వైద్యుల సంఘం 1992లో ఒక ప్రశ్నావళిని ప్రకటించింది. అందులో ప్రశ్నలు ఏడు. మూత్రాశయం పూర్తిగా ఖాళీ కానట్లు తోచడం, మాటిమాటికి వెళ్లవలసి రావడం, ధార ఆగి ఆగి రావడం, కొంతసేపైనా ఆపుకోవడం కష్టం కావడం, ధార బలహీనపడడం, ముక్కవలసి రావడం, రాత్రి నిద్ర లేవడం. ఒక్కొక్క జవాబుకు 0 నుండి 5 వరకు మార్కులు, మొత్తం 35. మార్కులు 7 వరకైతే బాధ స్వల్పం, 8 నుండి 19 వరకు మధ్యమం, 20 మొదలుకొని తీవ్రం.

అయితే 1993లో ఒక విచిత్రం బయటపడింది. ఇవే ప్రశ్నలను అదే వయసు స్త్రీలను అడుగగా, వారికి కూడా పురుషులతో సమానంగా మార్కులు వచ్చాయి. స్త్రీలకు పౌరుషగ్రంథి లేదు కదా! అనగా ప్రశ్నావళి బాధను కొలుస్తుందే గాని, దాని కారణాన్ని చెప్పదు. రాత్రి పలుమార్లు లేవడానికి మధుమేహం, గుండె బలహీనత, పడుకొనే ముందు ఎక్కువగా నీరు త్రాగడం కూడా కారణాలు కావచ్చు.

చదువురాని వారికి ప్రశ్నావళితో మరొక చిక్కు. దమ్మపేట చుట్టుప్రక్కల కోయ భాష మాట్లాడే పెద్దలకు తెలుగులో అచ్చువేసిన కాగితమైనా ఉపయోగపడకపోవచ్చు. ఇటువంటి వారి కొరకు దక్షిణాఫ్రికా వైద్యులు బొమ్మలతో కూడిన ప్రశ్నావళిని తయారుచేసి 2011లో ప్రకటించారు. ధార ఎంత లావుగా ఉన్నదో బొమ్మను చూపి చెప్పవచ్చు.

ఇక కొలతలు. రోగి ఒక యంత్రంలో మూత్రం పోస్తే, అది ధార వేగాన్ని నమోదు చేస్తుంది. గరిష్ఠవేగం సెకనుకు 15 మిల్లీలీటర్లకు మించితే అవరోధం ఉండే అవకాశం తక్కువ. 10కి తగ్గితే అనుమానించాలి. మొత్తం మూత్రం కనీసం 150 మిల్లీలీటర్లు లేకుంటే ఈ కొలతను నమ్మలేము. తరువాత అల్ట్రాసౌండ్‌తో మూత్రాశయంలో ఎంత మిగిలినదీ చూస్తారు.

అడ్డు ఉన్నదా, మూత్రాశయ కండరమే బలహీనమా అన్నది ఒత్తిడి పరీక్ష తేలుస్తుంది. సన్నని గొట్టాలను అమర్చి, గరిష్ఠవేగం సమయంలో కండరం కలిగించే ఒత్తిడిని కొలుస్తారు. దానిలోనుండి వేగానికి రెట్టింపును తీసివేస్తారు. ఫలితం 40కి మించితే అవరోధం, 20కి తగ్గితే అవరోధం లేదు, నడుమనున్నది సందిగ్ధం.

ఇద్దరు రైతులకు ప్రశ్నావళిలో 18 మార్కులే వచ్చాయనుకొందాం. ఇద్దరి ధార వేగమూ 8. మొదటివానిలో ఒత్తిడి 80 సెంటీమీటర్ల నీటి ఎత్తు: 80 – 16 = 64. ఇది అవరోధమే. రెండవవానిలో ఒత్తిడి 25: 25 – 16 = 9. అడ్డు లేదు, కండరమే బలహీనం. గ్రంథిని తొలగించే శస్త్రచికిత్స వల్ల మొదటివానికి మేలు కలుగవచ్చు. రెండవవానికి ఆ ఆశ తక్కువ.

అట్లని ఈ పరీక్ష అందరికీ అవసరమని కాదు. అందులో అసౌకర్యమూ, కొద్దిగా సూక్ష్మజీవులు సోకే ప్రమాదమూ ఉన్నాయి. దీనిని అందరికీ చేసినంత మాత్రాన శస్త్రచికిత్సల సంఖ్య తగ్గలేదని 2020లో ప్రకటించిన ఒక బ్రిటిష్ పరిశీలన తెలిపింది. సందేహం మిగిలినచోటనే దీని విలువ ఎక్కువ.

చికిత్స వల్ల రోగికి ఎంత ఉపశమనం కలిగినదో ప్రశ్నావళి చక్కగా చెబుతుంది. చికిత్స దేనికి చేయవలెనో కొలత చెబుతుంది. మార్కులు తక్కువైనా లోలోపల మూత్రం నిలిచి మూత్రపిండాలు చెడవచ్చు. మూత్రం పూర్తిగా బిగిసినా, రక్తం పడినా, మార్కులు లెక్కించుకొంటూ కూర్చోక వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.