ఇసుకలో రవ్వంత నీలిమ

ఎడారి అనగానే మన కళ్ల ముందు ఇసుక తిన్నెలు, ఒంటెలు, మండుటెండ మెదులుతాయి. సీతాకోకచిలుకలు మాత్రం మెదలవు. ఉపాధి నిమిత్తం జగిత్యాల విడిచి అబూధబీకి వచ్చిన నాడు నా ఊహ కూడా అంతే. ఒకనాటి సాయంత్రం ఫోనులో నా కూతురు, "అబ్బూ, మీరుండే చోట సీతాకోకచిలుకలు ఉండవా?" అని అడిగింది. "ఎడారిలో ఏముంటాయి బేటీ!" అని నవ్వేశాను. చూడకుండా చెప్పిన ఆ జవాబు తప్పని తెలుసుకోవడానికి నాకు ఒక శీతాకాలం పట్టింది.

గోరంత జీవులు

గల్ఫ్ ప్రాంతంలో నవంబరు నుంచి మార్చి వరకు ఎండ తీవ్రత తగ్గుతుంది. నాలుగు చినుకులు పడితే చాలు, ఇసుకలో పల్లేరు జాతి మొక్కలు పసుపు పూలు పూస్తాయి. తుమ్మ జాతి చెట్లు చిగురిస్తాయి. సముద్ర తీరాన 'సబ్ఖా' అని పిలిచే ఉప్పు నేలల మీద కండగల ఆకుల పొదలు పచ్చబడతాయి. ఆ పచ్చదనాన్ని నమ్ముకుని బ్రతికేవే ఎడారి చిరు సీతాకోకచిలుకలు.

వాటిలో ఒకటి 'పిగ్మీ బ్లూ'. ప్రపంచంలోని అతి చిన్న సీతాకోకచిలుకలలో దీనిని లెక్కిస్తారు. రెక్కలు పూర్తిగా విప్పినా రూపాయి బిళ్లకు మించదు. పైన గోధుమ వన్నె, ఒంటి దగ్గర నీలి ఛాయ, వెనుక రెక్క అంచున మెరిసే నల్లని చుక్కల వరుస. దీని స్వస్థలం అమెరికా ఖండం. తర్వాతి కాలంలో గల్ఫ్ తీరానికి చేరి, ఇక్కడి ఉప్పు నేలల పొదలనే ఇల్లు చేసుకుంది. ఆ సంగతి తెలిసిన నాడు, నాలాగే ఇదీ వలస వచ్చినదేనన్న ఆత్మీయత కలిగింది.

ఈ నీలి కుటుంబానికి చెందిన అనేక జాతుల గొంగళిపురుగులకు చీమలతో స్నేహం ఉంటుంది. గొంగళిపురుగు తన ఒంటి మీది గ్రంథి నుంచి తియ్యని ద్రవాన్ని స్రవిస్తుంది. దానిని ఆరగించే చీమలు శత్రువుల నుంచి దానికి కాపలా కాస్తాయి.

మిల్లీమీటరుతో పోరాటం

ఇంత చిన్న ప్రాణిని చిత్రించడానికి మామూలు లెన్స్ చాలదు. వస్తువును దాని అసలు పరిమాణంలోనే కెమెరా సెన్సార్ మీద చూపగల మాక్రో లెన్స్ కావాలి. నేను పాతదొకటి కొన్నాను. అంత దగ్గరగా చూసినప్పుడు స్పష్టంగా కనిపించే మందం ఒకటి రెండు మిల్లీమీటర్లు మాత్రమే. కన్ను స్పష్టంగా వస్తే రెక్క మసకబారుతుంది, రెక్క కుదిరితే కన్ను తప్పుతుంది. మూసిన రెక్కలకు కెమెరాను సరిగ్గా సమాంతరంగా నిలిపితేనే రెండూ కుదురుతాయి. పైగా గాలికి కొమ్మ ఊగుతుంది. ఎడారి ధూళి మూలంగా బయట లెన్స్ మార్చడానికి వీలుండదు. తొలి శీతాకాలమంతా నా చిత్రాలలో మిగిలినవి మసక మరకలే.

ఒక తప్పు

నా తడబాటు చూసిన ఒక పరిచయస్తుడు సులువైన ఉపాయం చెప్పాడు: "డబ్బాలో పట్టి కాసేపు మంచులో ఉంచు. కదలకుండా కూర్చుంటుంది." చిన్న సీతాకోకచిలుకలకు ఒంటి వేడి ఎండ నుంచే రావాలి. చలికి వాటి కండరాలు స్తంభిస్తాయి. నేను ఆ మాట విన్నాను. ఒకదానిని పట్టి, నీళ్ల సీసాల మంచుపెట్టెలో ఉంచి, తీసి పొద మీద పెట్టాను. చిత్రం అద్దంలా వచ్చింది.

ఆ రాత్రి గర్వంగా ఇంటికి పంపాను. నా కూతురు చాలాసేపు చూసి, "అబ్బూ, ఇది నిద్రపోతోందా? కాళ్లెందుకు ముడుచుకుంది?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. అది ఎగరలేదు. కొమ్మ మీంచి జారి ఇసుకలో పడింది. నేను ఎదురుచూసినంతసేపూ లేవలేదు. చిత్రాన్ని చెరిపివేశాను. మరుసటి రోజు జరిగినదంతా బిడ్డకు చెప్పాను. ఆమె కోపగించుకోలేదు. "ఇంకెప్పుడూ అలా చేయకండి" అంది, అంతే.

ఎదురుచూడటం నేర్చుకోవడం

అప్పటి నుంచి సెలవు రోజున ఫజర్ నమాజు ముగియగానే బయలుదేరుతున్నాను. సూర్యుడు పైకి వచ్చే తొలి గడియలలో ఈ జీవులు సగం రెక్కలు విప్పి ఎండ కాచుకుంటాయి. వాటంతట అవే నిలకడగా ఉండే సమయం అదే. మంచు పెట్టె చేసిన పనిని ఓపిక ఇంతకంటే బాగా చేస్తుంది. మోకాళ్ల మీద, తర్వాత మోచేతుల మీద మెల్లగా పాకాలి. మన నీడ వాటి మీద పడరాదు. మోచేయి ఆనించే ముందు అక్కడ మొక్క ఉందేమో చూసుకోవాలి. ఆకు అడుగున గుడ్లు ఉండవచ్చు. ఇసుక తిన్నెల మీద వాహనాలు నడిపి వినోదించేవారు కూడా ఈ మాట గుర్తుంచుకోవాలి. చక్రం కింద నలిగేది ఒక పొదే కావచ్చు, కాని ఆ పొదను తప్ప మరొకదానిని తినలేని గొంగళిపురుగుకు అదే సర్వస్వం.

మొన్నటి ఫిబ్రవరిలో అల్ ఐన్ సమీపాన, జబల్ హఫీత్ పాదాల చెంత, పల్లేరు పూల మధ్య ఒక చిన్న గడ్డి నీలి సీతాకోకచిలుక దొరికింది. బూడిద రంగు రెక్క అడుగున నల్లని చుక్కలు, వాటి చుట్టూ తెల్లని వలయాలు. గంటకు పైగా నేల మీద పడుకున్నాను. మూడు చిత్రాలు తీసేసరికి అది ఎగిరిపోయింది. ఒకటి కుదిరింది.

ఇంటికి పంపాను. మర్నాడు నా కూతురి నుంచి మసక చిత్రమొకటి వచ్చింది. మా పెరటి గోడ పక్కన పల్లేరు మీద అదే సీతాకోకచిలుక! అరేబియా నుంచి మన తెలుగు నేల వరకు అది విస్తరించి ఉందని అప్పుడు చదివి తెలుసుకున్నాను. కింద ఆమె ఇలా రాసింది: "అబ్బూ, ఇక్కడా ఉంది. నేను పట్టుకోలేదు. చూస్తూ కూర్చున్నాను."

ఎడారిలో ఏముంటాయన్న ప్రశ్నకు నేను ఇవ్వలేకపోయిన జవాబును నా బిడ్డ మా పెరట్లోనే వెతికి పెట్టింది. పాఠక మిత్రులారా! మీ పెరట్లో కలుపు అనుకుని పీకబోయే మొక్క ముందు ఈ ఉదయం ఒక్క నిమిషం కూర్చోండి.