అందరికీ అందే తాళం

"మా వాడికి తాళజ్ఞానం లేదండీ" అంటూ పిల్లల్ని సంగీతం క్లాసు మాన్పించే తల్లిదండ్రులు మనలో ఉన్నారు. తొందరపడకండి.

తాళం వేరు, లయ వేరు. తాళం లెక్క, లయ ఆ లెక్కల నడుమ ఎడం సమానంగా ఉండటం. ఆదితాళంలో ఒక దెబ్బ, మూడు వేళ్ళు, ఆపైన దెబ్బా విసురూ రెండుసార్లు, మొత్తం 8 అక్షరాలు. లెక్క తప్పే పిల్లకు వేళ్ళు చూపాలి. లెక్క తెలిసీ పరుగెత్తే పిల్లవాణ్ణి ముందు ఆ లయకు తగ్గట్టు నడిపించాలి. 'తకిట', 'తకధిమి' అని నోటితో పలికిస్తే 3కీ 4కీ తేడా పసివాళ్ళకైనా తెలుస్తుంది. రెండో కాలమంటే చేయి వేగం పెంచడం కాదు, అదే దెబ్బకు రెట్టింపు స్వరాలు పాడటం.

వినికిడి తక్కువైన పిల్లల అరచేతిని మృదంగం కట్టెకు ఆనిస్తే అదురు తెలుస్తుంది. స్కాట్లండ్‌కు చెందిన ఎవెలిన్ గ్లెనీ 12 ఏళ్ళకే వినికిడి చాలావరకు కోల్పోయారు. అయినా కంపనాలను ఒంటితో గ్రహిస్తూ తాళవాద్యాలలో ప్రపంచఖ్యాతి పొందారు.

పండుగ కార్యక్రమానికి పేర్లిచ్చేటప్పుడు ఏ బిడ్డనూ పక్కన పెట్టకండి. పాడలేకపోతే తాళం వేసే వరుసలో కూర్చోబెట్టండి. నేర్చుకోవడం అక్కడే మొదలవుతుంది.