కూతకెళ్లినవాడి కళ్లు ఏం చూస్తాయి?

నంద్యాల జిల్లా ఆత్మకూరు చుట్టుపక్కల ఊళ్లలో చెడుగుడు (కబడ్డీ) బరి గీశారంటే జనం మూగుతారు. కూతకెళ్లినవాడు ఏడుగురి మధ్య ఒకణ్ని తాకి గీత దాటొచ్చాడంటే చూసేవాళ్లు అనే మాట ఒకటే: "వానికి పుట్టుకతోనే ఆ చురుకుంది." చురుకు ఉన్నమాట నిజం. పుట్టుకతో వచ్చిందనడమే అపోహ.

కంటికి కనిపించినదానికి చెయ్యి కదలాలంటే ఎవరికైనా సుమారు సెకనులో అయిదో వంతు పడుతుంది. మేటి ఆటగాళ్లలోనూ ఇది పెద్దగా తగ్గదు. తేడా అంతా ముందే పసిగట్టడంలో ఉంది. 1973లో విలియం చేజ్, హెర్బర్ట్ సైమన్ చదరంగం ఆటగాళ్లకు బల్లను అయిదు సెకన్లు చూపించారు. నిజమైన ఆటలోని అమరికను నిపుణులు చాలావరకు తిరిగి పేర్చగలిగారు. పావులను ఇష్టమొచ్చినట్టు చల్లితే మాత్రం వాళ్ల ఆధిక్యం దాదాపు మాయమైంది. కూతకెళ్లడంలో ఆరితేరిన రైడర్‌కూ అంతే: చేతులు పట్టుకుని చైన్ కట్టిన నలుగురు నలుగురుగా కాదు, ఎన్నోసార్లు చూసిన ఒకే అమరికగా కనిపిస్తారు.

చేతులు చూడాలన్నది మరో అపోహ. చెయ్యి ఊరికే ఊపి మోసం చేయొచ్చు. నడుము ఎటు తిరిగితే మనిషి అటే పోవాలి. మూలన కాపుకాసే కార్నర్ ఆటగాడి బరువు ముందు పాదం మీదికి వచ్చిందంటే చీలమండకు దూకబోతున్నాడన్నమాట. అందుకే మంచి రైడర్ ఒక దొంగ అడుగు వేసి చూస్తాడు. చైన్ అంతా కదిలిందా, చివరివాడొక్కడే కదిలాడా?

అమెరికా ఫుట్‌బాల్‌లో బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్ చేసేదీ ఇదే. బంతి ఆటలోకి రాకముందే తనవాణ్ని ఒకణ్ని అడ్డంగా నడిపిస్తాడు. ఎదుటివాళ్లలో ఒకడు వెంట వస్తే మనిషికి మనిషి కాపలా, రాకపోతే చోటుకు కాపలా అని అంచనా కడతాడు. ఈ పసిగట్టడం రాత పరీక్షకు అందేది కాదు: అక్కడి ప్రధాన లీగ్ కొత్త ఆటగాళ్లకు పెట్టే వండర్‌లిక్ తెలివితేటల పరీక్షను 2022లో ఆపేశారు. ఆ మార్కులకూ మైదానంలో ఆటకూ పొంతన కుదిరింది తక్కువే.

ఇక తొందర. వేగంగా తేల్చుకోవడమంటే వేగంగా దూకడమని కుర్రాళ్లు అనుకుంటారు. కూతకు 30 సెకన్లుంటాయి. మధ్యగీత నుంచి బాక్ లైన్ 3.75 మీటర్లు, అది దాటితే చాలు, ఎవరినీ తాకకుండా తిరిగి రావచ్చు. అయితే ప్రొ కబడ్డీలో వరుసగా రెండు రైడ్లు ఖాళీగా పోతే మూడోదానిలో పాయింట్ తేవాల్సిందే. ఎదుట ఆరుగురైనా ఉంటేనే బోనస్ గీత దాటినందుకు పాయింట్. ముగ్గురో అంతకు తక్కువో మిగిలినప్పుడు రైడర్ పట్టుబడితే వాళ్లకు అదనపు పాయింట్. ఈ లెక్కంతా కూత ఆపకుండానే తలలో తిరగాలి. 2017 సీజన్‌లో 369 రైడ్ పాయింట్లు సాధించిన పర్‌దీప్ నర్వాల్ పేరు చెబితే గుర్తొచ్చే డుబ్కీని చూడండి. చైన్ మీదికొచ్చి చుట్టేయబోయే క్షణం దాకా ఆగి, కలిసిన చేతుల కిందుగా వంగి జారిపోయేవాడు. ముందే వంగితే ఆ సందు ఉండదు.

దీన్ని నేర్చుకోవడానికి ఆత్మకూరు పిల్లలకు మ్యాట్ అక్కర్లేదు. కూతకెళ్లేముందు "మొదట ఎవరు దూకుతారు?" అని పేరు చెప్పించి, వచ్చాక సరిచూడాలి. పట్టుబడిన రైడ్‌నైతే తప్పకుండా రాసిపెట్టుకోవాలి: ముందు ఎవరి పాదం కదిలింది, అప్పుడు తన చూపు ఎటుంది.