బోల్టు వదులైతే మెకానిక్కు ఇంటికే వచ్చాడు!

ఎద్దుబండి ఇరుసు చివర చీల ఊడిపోతే చక్రం గతి ఏమవుతుందో పల్లెటూళ్ళో పసిపిల్లవాడిని అడిగినా చెబుతాడు. బండి కట్టే ముందు ఆ చీలను ఒకసారి చేత్తో తడిమి చూసుకోవడం పెద్దల అలవాటు. దాదాపు 50 లక్షల రూపాయలు చేసే కారుకు ఆ తడిమి చూడడమే కరువైన ఉదంతం 2009లో అమెరికాలో బయటపడింది.

ఆ కారు పేరు టెస్లా రోడ్‌స్టర్. ఇద్దరు మాత్రమే కూర్చునే స్పోర్ట్స్ కారు. పెట్రోలు చుక్క అక్కరలేదు, పూర్తిగా బ్యాటరీ మీదే నడుస్తుంది. నిలుచున్న చోటి నుంచి గంటకు 97 కిలోమీటర్ల వేగం అందుకోవడానికి నాలుగు సెకన్లు కూడా పట్టదు. ధర లక్షా తొమ్మిది వేల డాలర్లు. 2008లో అమ్మకానికి వచ్చింది. ఈనాడు ప్రపంచమంతా పేరు మోగుతున్న టెస్లా కంపెనీకి అదే మొట్టమొదటి కారు.

2009 మే నెలలో ఆ కంపెనీ 345 రోడ్‌స్టర్లకు రీకాల్ ప్రకటించింది. రీకాల్ అంటే, అమ్మిన బండిలో లోపం ఉన్నదని కంపెనీయే ఒప్పుకుని, కొన్నవారి దగ్గర పైసా తీసుకోకుండా సరిచేసి ఇవ్వడం. అవన్నీ ఆ ఏడాది ఏప్రిల్ 22కు ముందు తయారైన బండ్లు. వెనుక చక్రాల హబ్బుకు లోపలివైపు ఉండే ఫ్లాంజి బోల్టులను బిగించవలసినంత బిగించలేదని తేలింది. అలాగే నడిపితే కారు అదుపు తప్పి ప్రమాదానికి గురి కావచ్చునని కంపెనీ కొన్నవారికి తెలియజేసింది.

పుట్టింది ఇంగ్లండులో

బ్యాటరీ, మోటారు టెస్లా వారివే అయినా బండి ఒళ్ళు మాత్రం ఇంగ్లండులో తయారయింది. నార్‌ఫక్ జిల్లాలో హెథెల్ అనే చోట లోటస్ కంపెనీ కర్మాగారం ఉంది. రెండో ప్రపంచ యుద్ధంలో బాంబర్ విమానాలు దిగిన మైదానం అది. యుద్ధం ముగిశాక 1966లో లోటస్ అక్కడికి చేరింది. తేలికైన స్పోర్ట్స్ కార్లు కట్టడంలో ఆ కంపెనీకి పెద్ద పేరు. దాని ఎలీజ్ అనే కారు ఆధారంగానే రోడ్‌స్టర్ రూపొందింది. మోటారు, బ్యాటరీ లేని ఉత్త బండిని హెథెల్‌లో కట్టి పంపితే, అమెరికాలో అమ్మే కార్లకు కాలిఫోర్నియాలో వాటిని అమర్చేవారు.

బోల్టుల లోపం ఆ హెథెల్ అసెంబ్లీ లైనులోనే మొదలైంది. అందుకే లోటస్ కూడా తన ఎలీజ్, ఎగ్జీజ్ కార్లలో కొన్నింటిని అదే కారణంతో వెనక్కి పిలిచింది. ఒక చోట జరిగిన పొరపాటుకు రెండు కంపెనీలు జవాబు చెప్పుకోవలసి వచ్చింది.

మరమ్మతు మాత్రం చాలా చిన్నది. కొత్త సామాను వేసేది లేదు, ఇంజనీరింగు మార్చేది లేదు. బోల్టులను సరైన కొలతకు బిగిస్తే పని అయిపోయినట్లే. అందుకని టెస్లా కంపెనీ తన మెకానిక్కులను కొన్నవారి ఇళ్ళకే పంపించింది. షెడ్డుకు రండి, క్యూలో నిలబడండి అనలేదు. డబ్బున్న వారి కారు కాబట్టి ఆ మర్యాద అని ఎవరైనా అంటే కాదనలేము.

ఎంత బిగించాలి?

బోల్టు బిగించడంలో అంత విద్య ఏముందని అనిపించవచ్చు. ఉంది. నట్టు తిప్పుతూ పోతే బోల్టు వెంట్రుకవాసి సాగుతుంది. సాగిన రబ్బరు వెనక్కి లాగినట్లే ఆ ఉక్కు కూడా రెండు భాగాలనూ ఒకదానికొకటి అదిమి పడుతుంది. ఆ అదుముడే బలం. అది చాలకపోతే బండి అదిరినప్పుడల్లా రెండు భాగాలూ అటూ ఇటూ జరుగుతాయి. ఆ పక్కవాటు జరుగుడుకే మర తనంతట తాను వెనక్కి తిరిగి వదులవుతుందని జర్మనీకి చెందిన యుంకర్ అనే ఇంజనీరు 1969లో ప్రయోగం చేసి చూపించాడు. అతని పేరిట ఉన్న పరీక్షను బోల్టుల తయారీదారులు ఇప్పటికీ వాడుతున్నారు.

మరీ బిగించినా చేటే. పానాకు పైపు తొడిగి ఇద్దరు మనుషులు వేలాడితే బోల్టు సాగి సాగి, ఒకనాడు పుటుక్కున తెగుతుంది. అందుకే టార్క్ రెంచి అనే పనిముట్టు వచ్చింది. కంపెనీ చెప్పిన కొలత దానిమీద పెట్టి తిప్పితే, ఆ బిగువు రాగానే టక్కుమని చెబుతుంది. చేతి అంచనాతో పనిలేదు. చేయి తిరిగిన మేస్త్రీ అంచనా కూడా తప్పదని కాదు.

ఇది కార్లకే పరిమితమైన సంగతి కాదు. ట్రాక్టరు ట్రక్కుకు కమాను కట్టలు కొత్తగా వేయించాక కొన్నాళ్ళు తిప్పి యు-బోల్టులు మళ్ళీ బిగించాలి. చక్రం మార్చాక కొంతదూరం పోయి వీల్ నట్లు మరోసారి చూసుకోవాలి. కొత్తగా బిగించిన భాగాలు బరువుకు సర్దుకుంటాయి, సర్దుకున్న మేరకు బిగువు తగ్గుతుంది.

చట్టం లేకముందు

కంపెనీలు తమ తప్పు తామే చాటుకోవడం ఊరికే రాలేదు. 1965లో రాల్ఫ్ నాడర్ అనే యువ న్యాయవాది అమెరికా కార్ల లోపాలను ఎండగడుతూ పుస్తకం రాశాడు. మొదటి అధ్యాయంలోనే షెవ్రొలే కార్వెయిర్ అనే కారు వెనుక సస్పెన్షన్‌ను తూర్పారబట్టాడు. మరుసటి ఏడాదే, 1966లో, వాహన భద్రతా చట్టం వచ్చింది. లోపముంటే కొన్నవారికి తెలియజేయాలని ఆ చట్టం చెప్పింది. అయితే తెలియజేయడం వేరు, బాగుచేయడం వేరు గదా! ఉచితంగా బాగు చేసి తీరాలన్న నిబంధన 1974లో గాని రాలేదు.

చట్టం ఉన్నంత మాత్రాన బోల్టులు వదులు కాకుండా ఉండవు. అదే టెస్లా కంపెనీ 2021లో బ్రేక్ క్యాలిపర్ బోల్టుల కోసం 5,974 కార్లను, ముందు సస్పెన్షన్ లింకు బోల్టులు వదులయ్యే అవకాశం ఉందని 2,791 కార్లను వెనక్కి పిలిచింది. కంపెనీ పెరిగి పెద్దదయింది, పాత జబ్బు మాత్రం పోలేదు. రీకాల్ చేసిన కంపెనీని ఎగతాళి చేయడం తేలికే గాని, లోపం తెలిసీ నోరు మెదపని కంపెనీ కన్న అది వెయ్యిరెట్లు నయం.

మన దగ్గర

మనదేశంలో 2012 నుంచి కంపెనీలు స్వచ్ఛందంగా రీకాల్ చేసే పద్ధతి మొదలైంది. 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించి 110-ఎ సెక్షన్ చేర్చారు. లోపమున్న బండ్లను వెనక్కి పిలవమని కేంద్ర ప్రభుత్వం కంపెనీని ఆదేశించవచ్చు. కంపెనీ బండిని బాగుచేయాలి, లేదా వేరే బండి ఇవ్వాలి, లేదా ఖరీదు తిరిగి ఇవ్వాలి. దీని నిబంధనలు 2021 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చాయి.

ఆ తరువాతి నెలలోనే రాయల్ ఎన్‌ఫీల్డ్ కంపెనీ ఇగ్నిషన్ కాయిల్ లోపం కారణంగా 2,36,966 మోటారు సైకిళ్ళకు రీకాల్ ప్రకటించింది. వాటిలో మన ఊళ్ళలో తిరిగే బుల్లెట్, క్లాసిక్ బండ్లు కూడా ఉన్నాయి.

చిక్కు ఎక్కడంటే, కంపెనీ కబురు పంపేది తన రికార్డులో ఉన్న పేరుకు. పల్లెల్లో బండి రెండు మూడు చేతులు మారుతుంది, కాగితాల మీద పేరు మాత్రం మొదటి ఆసామిదే ఉండిపోతుంది. ఫోను నంబరూ అతనిదే. ఉత్తరం అతని గుమ్మంలో పడుతుంది, వదులు బోల్టు మరొకరి కింద తిరుగుతుంది.

రీకాల్ బండికి సంబంధించినది గాని మొదట కొన్న మనిషికి సంబంధించినది కాదు. పాతబండి కొన్నవారు కూడా ఆర్.సి. పుస్తకంలోని చాసిస్ నంబరు తీసుకుని ఆ కంపెనీ డీలరు సర్వీసు సెంటరులో అడగవచ్చు. ఆ నంబరు మీద రీకాల్ పని మిగిలి ఉందో లేదో అక్కడే చూసి చెబుతారు. ఉంటే ఆ పనికి డబ్బు కట్టనక్కరలేదు.