మామిడిపూతపై తేనెమంచు

పుష్య మాఘ మాసములలో నూజివీడు ప్రాంతమున ప్రయాణము చేయువారికి మామిడిపూత వాసన దూరమునుండియే తగులును. నూజివీడు, ఆగిరిపల్లి, ముసునూరు, చాట్రాయి, రెడ్డిగూడెం, విస్సన్నపేట ప్రాంతముల మెట్టభూములలో మామిడితోటలు విస్తారముగా ఉన్నవి. చిన్నరసము, పెద్దరసము, బంగినపల్లి, కలెక్టరు ఇచ్చటి ప్రసిద్ధమైన రకములు. పూర్వము కృష్ణాజిల్లాలో ఉండిన నూజివీడు 2022లో జరిగిన జిల్లాల పునర్విభజనలో ఏలూరు జిల్లాలో చేరినది. జిల్లా మారినను రైతు దిగులు మారలేదు. పూత వచ్చిన నాటినుండి పిందె నిలుచువరకు అతనికి కంటికి నిద్ర ఉండదు.

అట్టి రోజులలో ఒక ఉదయమున తోటలో అడుగుపెట్టినపుడు, చెట్టుక్రింద సన్నని చినుకులు పడుచున్నట్లు చిటచిట శబ్దము వినవచ్చును. ఆకులు చేతికి జిగటగా తగులును. రైతులు దీనిని తేనెమంచు అందురు. పేరులో తేనెయు మంచును ఉన్నవి కాని, నిజమునకు ఇది తేనెయు కాదు, మంచును కాదు.

తేనెమంచు ఎచ్చటినుండి వచ్చును?

ఇది ఒక చిన్న పురుగు విసర్జించు ద్రవము. బియ్యపుగింజకంటెను చిన్నదై, తల వెడల్పుగను తోక సన్నముగను ఉండు ఈ పురుగు ఆకును కదల్చగానే చివుక్కున ఎగిరి దూకును. చెట్టుక్రింద వినబడు చిటచిట శబ్దము ఆ దూకుడువలన కలుగునదే. దీనికే తేనెమంచు పురుగు అని పేరు. శాస్త్రజ్ఞులు మామిడిపై ముఖ్యముగా మూడు జాతులను గుర్తించిరి. వానిలో రెండు ఇడియోస్కోపస్ ప్రజాతికి చెందినవి. మూడవది అమ్రిటోడస్ ప్రజాతికి చెందినది.

పూత లేని కాలమున ఈ పురుగులు బెరడు పగుళ్ళలోను, చీకటిగానున్న కొమ్మల సందులలోను దాగియుండును. పూమొగ్గ కదలగానే బయటికి వచ్చి, లేత పూకాడలలోను, మొగ్గలలోను, లేతాకుల ఈనెలలోను గ్రుడ్లు పెట్టును. గ్రుడ్లు సుమారు ఒక వారములో పగులును. పిల్లపురుగులు సూదివంటి నోటిని కాడలో గ్రుచ్చి రసము పీల్చును. రెండు మూడు వారములలో అవి పెద్దవై మరల గ్రుడ్లు పెట్టుటకు సిద్ధమగును. ఇట్లు ఒక్క పూతకాలముననే వాని సంఖ్య అనేక రెట్లు పెరుగును.

పీల్చిన రసము నంతయు పురుగు ఎందుకు ఉంచుకొనదు? చెట్టురసములో చక్కెర ఎక్కువ. శరీరము పెరుగుటకు కావలసిన నత్రజని పదార్థములు బహుతక్కువ. ఆ కొద్దిపాటి నత్రజని కొరకు పురుగు రసమును విస్తారముగా త్రాగవలసియుండును. మిగిలిన చక్కెరనీటిని వెలుపలికి విడిచివేయును. అదియే ఆకులపై తేనెమంచుగా పరచుకొనును.

మసి తెగులు, బూడిద తెగులు

కొన్ని దినములకు జిగటపడిన ఆకులు, కాడలు నల్లబడును. దీనిని మసి తెగులు అందురు. ఇది ఒక బూజు. ఆశ్చర్యమేమనగా ఈ బూజు మామిడిచెట్టును తినదు. ఆకుమీద పేరుకొన్న చక్కెరనే ఆహారముగా గొని పైపైన పెరుగును. తడిగుడ్డతో తుడిచినచో ఆ నలుపు ఊడివచ్చి క్రింద పచ్చని ఆకు కనబడును. అయినను నష్టము లేకపోలేదు. మసి పొర సూర్యరశ్మికి అడ్డుపడుటవలన ఆకు ఆహారమును తయారుచేయుట తగ్గును. కాయపై పడినచో దాని వెలయు తగ్గును.

బూడిద తెగులు ఇట్టిది కాదు. చల్లని రాత్రులు, ఉదయపు పొగమంచు ఉన్నపుడు పూగుత్తులపై తెల్లని పొడి చల్లినట్లు కనబడు ఈ శిలీంధ్రము సజీవకణములలోనికే తన వ్రేళ్ళవంటి పోగులను చొప్పించి వానిని పీల్చివేయును. పూవులు, లేతపిందెలు రాలిపోవును. దీనికి గంధకపు మందు వాడుదురు. మసి తెగులును పోగొట్టుటకు మాత్రము బూజుమందు చాలదు. దానికి మూలమైన పురుగును అదుపులో పెట్టవలెను. కంటికి రెండును తెగుళ్ళే. కారణములు వేరు, చికిత్సలు వేరు.

పూవును పిందెగా చేయువారెవరు?

ఒక మామిడి పూగుత్తిలో వెయ్యి మొదలు అనేకవేల పూవులుండును. అందులో చాలభాగము మగపూవులు; కొన్ని మాత్రమే ద్విలింగ పుష్పములు. ద్విలింగ పుష్పములే పిందెలు కాగలవు. అవియైనను చాలవరకు రాలిపోయి, కడకు గుత్తికి ఒకటి రెండు కాయలు నిలిచినచో రైతు సంతసించును.

పుప్పొడి ఒక పూవునుండి మరియొక పూవునకు చేరినగాని పిందె కట్టదు. ఈ పనిలో గాలి సాయము స్వల్పము. తేనెటీగలు కొంత తోడ్పడును. కాని ఎక్కువభాగము ఈ పని చేయునవి ఈగలు! మామిడిపూవు చిన్నది, దానిలోని తేనె పైపైననే ఉండును. పొట్టినోరుగల ఈగలకు అది అనుకూలము. జనులు అసహ్యించుకొను ఈగయే మధురమైన రసమునకు కారణభూతమగుట విచిత్రము. వీనిలో పొట్టపై పసుపు నలుపు చారలుండి గాలిలో ఒకేచోట నిలిచి ఎగురు సిర్ఫిడ్ ఈగలు రెండువిధముల మిత్రులు. పెద్దవి పుప్పొడిని మోయును. అనేక జాతులలో వాని పిల్లలు పేనుబంకవంటి మెత్తని పురుగులను తినును.

కనబడని కాపరులు

తేనెమంచు పురుగునకు చెట్టుపైననే శత్రువులు కలరు. సాలెపురుగులు, అక్షింతల పురుగులు, అల్లికరెక్కల పురుగు పిల్లలు దానిని పట్టి తినును. మిల్లీమీటరైనను లేని చిట్టి కందిరీగలు పూకాడలో దాగిన దాని గ్రుడ్లను వెదకి, వానిలో తమ గ్రుడ్లను పెట్టును. పురుగు పుట్టవలసిన గ్రుడ్డునుండి కందిరీగ పుట్టును. తేమగల దినములలో బవేరియా, మెటారైజియం వంటి శిలీంధ్రములు పురుగు చర్మమును తొలిచి లోపల పెరిగి దానిని చంపును.

ఆకులను పట్టుదారముతో కుట్టి గూళ్ళు కట్టు ఎఱ్ఱచీమలును మంచి వేటగాండ్రే. చీనాదేశమున ఇట్టి చీమల గూళ్ళను అమ్మి నారింజతోటలలో కట్టుచుండిరని క్రీ.శ. 304 నాటిదని చెప్పబడు ఒక గ్రంథమున ఉన్నది. అయితే ఈ చీమల స్నేహము షరతులతో కూడినది. తేనెమంచుకు ఆశపడి అవి పిండినల్లి మొదలగువానిని పశువులవలె కాచును. కనుక ఒకే ప్రాణి ఒకచోట మిత్రముగను, మరియొకచోట శత్రుసహాయకముగను ఉండవచ్చును.

కాపరి లేనిచో ఏమగును?

మిత్రకీటకముల విలువ అవి లేనపుడే తెలియును. ఆసియాఖండమునకు చెందిన ఒక మామిడి పిండినల్లి 1980 తరువాతి తొలి సంవత్సరములలో పశ్చిమాఫ్రికాలోని ఘనా, టోగో, బెనిన్ దేశములలో ప్రవేశించినది. ఇండియాలో దానిని అదుపులో ఉంచుచున్న కందిరీగ అచ్చట లేదు. చెట్లు తెల్లబడి, మసిపట్టి, కాపు పడిపోయినది. శాస్త్రజ్ఞులు ఆ పురుగు జన్మస్థానమున వెదకి, ఇండియానుండి గైరనుసోయిడియా టెబిగి అను కందిరీగను తీసికొనిపోయి 1987లో టోగోలో విడిచిరి. అది పిండినల్లి శరీరములో గ్రుడ్డుపెట్టును. పిల్ల లోపలనే పెరిగి దానిని చంపును. కొద్ది సంవత్సరములలో ఆ పురుగు చాలచోట్ల అదుపులోనికి వచ్చినది. మన తోటలలో ఎవరును గమనింపని ఒక చిన్న ప్రాణి పరదేశమున తోటలను నిలబెట్టినది.

ఆఫ్రికాకు కాపరి చేరలేదు. మన తోటలలో ఉన్న కాపరిని మనుష్యుడే చంపుట మరియొక ప్రమాదము. రెండవ ప్రపంచ యుద్ధానంతరము వచ్చిన డి.డి.టి. మొదట అద్భుతమనిపించినది, వ్యవసాయమున దాని వాడుక మన దేశములో 1989లో నిషేధింపబడినది. తరువాత అనేక మందులు వచ్చినవి. మందు ఏదైనను, అన్ని కీటకములను చంపునదైనచో చిక్కు ఒక్కటే. కాడలోపల దాగిన పురుగు గ్రుడ్లు తప్పించుకొనును. ఆకులపై తిరుగు కందిరీగ, సాలెపురుగు, పూవుపై వ్రాలిన ఈగ చచ్చును. గ్రుడ్లు పగిలి పిల్లలు వెలువడునప్పటికి వానికి ఆహారము సమృద్ధిగా ఉన్నది, శత్రువు లేడు. అందువలన కొన్నిచోట్ల మందు చల్లిన తరువాత పురుగు ముందుకంటె ఎక్కువగును. మరల చల్లవలసివచ్చును. పూత నిండుగా విచ్చినపుడు చల్లినచో పుప్పొడి మోయు ఈగలును నశించి, పురుగు చచ్చినను పిందె కట్టదు.

తోటను పూతమీదనే కొనుట ఆంధ్రదేశమున చిరకాలపు వాడుక. కొన్న వ్యాపారికి ఆ ఒక్క కాపు ముఖ్యము. చెట్టునకు, రైతునకు రాబోవు సంవత్సరములును ముఖ్యము. పూతలో మందు విషయమున తొందరపాటునకు ఇదియు ఒక కారణము.

తోటలో చేయదగినది

కాపు ముగిసిన తరువాత ఎండుకొమ్మలను, గుబురుగా పెరిగిన లోపలి కొమ్మలను కత్తిరించి చెట్టులోనికి గాలి, వెలుతురు పోనీయవలెను. చీకటి, తేమగల ముసలితోటలే తేనెమంచు పురుగునకు నివాసములు. పూమొగ్గ కదలినది మొదలు గుత్తులను వారమువారము పరీక్షింపవలెను. మందు అవసరమైనచో పూవులు విచ్చకముందును, పిందె కట్టిన తరువాతను చల్లవచ్చును. పూత విచ్చియుండగా చల్లరాదు. ఏ మందు, ఎంత అను విషయమున నూజివీడులోని మామిడి పరిశోధనా స్థానమునుగాని, ఉద్యానశాఖవారినిగాని అడుగుట మంచిది.

విద్యార్థులకు ఒక పరిశీలన

బడి సమీపమున మామిడిచెట్టు ఉన్నచో, పూవులు విచ్చకముందే మూడు గుత్తులకు పలుచని వలగుడ్డ సంచులు కట్టవలెను. మరి మూడు గుత్తులను విడిచి గుర్తుపెట్టవలెను. పూత ముగిసినపిమ్మట సంచులు విప్పి రెండువిధముల గుత్తులలోను పిందెలను లెక్కింపవలెను. విడిచిన గుత్తులపై ప్రతిదినము ఒకే వేళకు పది నిమిషములు వ్రాలిన కీటకములను జాతివారీగా వ్రాసికొనవలెను. ఎక్కువమార్లు వచ్చినది తేనెటీగయా, ఈగయా అనునది ఆ పట్టికయే చెప్పును. పిమ్మట ఎవరైన పూతపై మందు చల్లబోయినచో, ఆ మందు ఎవరిమీద పడునో ఆ విద్యార్థులు లెక్కతో చెప్పగలరు.