డ్యాష్‌బోర్డుపై మంచురేకు గుర్తు

శీతల దేశాల్లో చలికాలపు ఉదయాన కారు నడిపేవారికి డ్యాష్‌బోర్డుపై మంచురేకు గుర్తు వెలిగి, దానితోపాటు చిన్న గంట మోగడం పరిపాటి. ఈ హెచ్చరిక సాధారణంగా ఫోక్స్‌వ్యాగన్ కార్లలో 4 డిగ్రీల సెల్సియస్ వద్ద, బీఎండబ్ల్యూ కార్లలో 3 డిగ్రీల వద్ద వస్తుంది. నీరు గడ్డకట్టేది 0 డిగ్రీల వద్ద కాగా ఇంత ముందుగా హెచ్చరించడానికి కారణం, కారులోని పరికరం కొలిచేది గాలి ఉష్ణోగ్రతనే తప్ప రోడ్డు ఉష్ణోగ్రతను కాకపోవడం. ముందు బంపరు వెనుకనో పక్క అద్దం అడుగునో అమర్చే థర్మిస్టర్, అంటే చలి పెరిగేకొద్దీ విద్యుత్ నిరోధం పెరిగే చిన్న భాగం, తనను తాకే గాలిని మాత్రమే పసిగడుతుంది. ఆగి ఉన్న కారులో ఇంజిన్ వేడి సోకి, ఉన్నదానికన్నా ఎక్కువ అంకె చూపడమూ కద్దు.

మబ్బులేని రాత్రి రోడ్డు తన వేడిని ఆకాశంలోకి వెదజల్లి, పైనున్న గాలికన్నా ఎక్కువగా చల్లబడుతుంది కనుక, తెరపై 2 డిగ్రీలు కనిపిస్తుండగానే తడి తారుపై పలుచని పారదర్శకమైన మంచుపొర ఏర్పడవచ్చు. కింది తారు నలుపు కనిపించే ఈ పొరను నల్లమంచు అంటారు. చూపుకు అది వట్టి తడిగానే తోచడమే అసలు ప్రమాదం. వంతెనలకు అడుగునుంచి నేల వేడి అందదు సరికదా, కిందినుంచీ చల్లగాలి తగులుతుంది కాబట్టి వాటిపై తడి మిగతా రోడ్డుకన్నా ముందే గడ్డకడుతుంది.

రోడ్డు పొడిగా ఉన్నా గుర్తు వెలుగుతుంది. శీతాకాలపు తెల్లవారుజామున ఆంధ్రప్రదేశ్‌లోని లంబసింగి వంటి చలి చోట్లా వెలగవచ్చు. అయినా అది వెలిగినప్పుడు వేగం తగ్గించి, ముందు వాహనానికి ఎడం పెంచి, బ్రేకును, స్టీరింగును మెల్లగా వాడడమే ఉచితం.